బోన్‌లెస్

"బోన్‌లెస్సే పెట్టారా, రెండు నెలలూ?" అని అడిగారు డాక్టరుగారు.

అవునన్నాను. కొంచెం గర్వంగానే అని ఉంటాను. మా ఇంట్లో కొన్ని రోజులు ఉల్లిపాయ కూడా తినరు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగి, ఇరవై తొమ్మిదో ఏట మొదటిసారి పచ్చి మాంసం చేత్తో పట్టుకున్నాను. కడిగాను. దానికోసమే విడిగా కొన్న గిన్నెలో ఉడకబెట్టి, చిన్న ముక్కలు చేసి, మెత్తటి అన్నంలో కలిపి పెట్టాను. రోజుకి మూడుసార్లు. ఈ సంగతి ఎవరో ఒకరు గుర్తించాలని లోపల ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆయన గుర్తించలేదు. కంప్యూటర్ తెర నావైపు తిప్పారు. లడ్డుగాడి ముందుకాలు. ఎక్స్‌రేలో ఎముక అంటే తెల్లగా, సుద్దతో గట్టిగా గీసినట్టు కనబడుతుందని నా ఊహ. ఇక్కడ ఎముకకీ చుట్టూ ఉన్న కండకీ పెద్ద తేడా లేదు. నీళ్ళపాలలో ఇంకొంచెం చిక్కటి పాలు పోసినట్టుంది.

"మాంసం పెట్టారు, బాగుంది. ఎముక పెట్టలేదు. వీడు తన ఎముకల్ని తనే తింటున్నాడు" అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ప్రేమగా, శ్రమపడి, నా నమ్మకాల్ని కూడా కాస్త పక్కన పెట్టి నేను చేసిన పని ఒక ప్రాణిని లోపల్నుంచి కరిగించింది. దీన్ని తప్పు అనాలా, పొరపాటు అనాలా? ఈ రెండు మాటలకీ మధ్య ఎంత దూరం ఉందో అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించలేదు.

లడ్డు మా హబ్సిగూడ అపార్ట్‌మెంట్ సెల్లార్లో పుట్టాడు. ఎవరో అమెరికా వెళ్ళిపోతూ కవరు కప్పి వదిలేసిన కారు కింద, చలికాలంలో, నలుగురు పిల్లలు. తల్లిని అందరూ నల్లది అనేవాళ్ళు. పిల్లలకి నాలుగు వారాలు ఉంటాయేమో, ఒక పొద్దున నీళ్ళ ట్యాంకరు రివర్స్ తీస్తుంటే చక్రం కింద పడి పోయింది. ఆ సాయంత్రానికే సెల్లార్లోకి గిన్నెలు దిగాయి. మూడో అంతస్తు నుంచి పాలు. ఐదో అంతస్తు నుంచి పాలలో నానబెట్టిన బిస్కెట్లు. నా వంతు పెరుగన్నం. నాలుగు రోజులు అందరం పోటీపడి పెట్టాం, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాం. ఐదో రోజు నలుగురికీ విరేచనాలు. ఏడో రోజు ఒకటి చచ్చిపోయింది. పాల వల్లో, పార్వో వైరస్ వల్లో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. రెండింటిని ఎవరెవరో తీసుకెళ్ళారు. మిగిలినవాడు నా దగ్గరికొచ్చాడు.

పాల సంగతి తర్వాత చదివాను. దూడ పుట్టినప్పటి బరువుకి రెట్టింపు కావడానికి దాదాపు నెలన్నర పడుతుంది. మనిషి బిడ్డకి ఐదు నెలలు. కుక్కపిల్లకి పది రోజులు చాలు. ఆ తొందరకి తగ్గట్టే కుక్కపాలు ఉంటాయి. ఆవుపాలతో పోలిస్తే వాటిలో మాంసకృత్తులు రెట్టింపు, కొవ్వు అంతకన్నా ఎక్కువ, లాక్టోజ్ అనే పాలచక్కెర మాత్రం తక్కువ. అంటే మనం గిన్నెలో పోసేది కుక్కపిల్లకి ఒకేసారి పలచన, అరగనిది. పైగా నాలుగు వారాలంటే పాల నుంచి తిండికి మారే వయసు. ఆ రోజుల్లో తల్లికుక్క తను తిన్నది పిల్లల ముందు కక్కుతుంది, అవి ఎగబడి తింటాయి. అది చూసి ఛీ అని మొహం తిప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తీరా చూస్తే ఆ సెల్లార్లో ఆ పిల్లలకి సరైన తిండి పెట్టింది ఆ నల్లదొక్కతే.

చనిపోయిన పిల్లని వాచ్‌మన్ భార్య, నేను కలిసి గోడ పక్కన పాతిపెట్టాం. ఆమెది నారాయణపేట వైపు. "మా ఊర్ల కుక్కపిల్లలకు ఎవ్వలు లెక్క చూసి పెట్టిండ్రు అక్కా? జొన్నరొట్టె తునకలేస్తుంటిమి. బతికేటివి బతికినయ్, పోయేటివి పోయినయ్" అంది. నన్ను ఓదార్చడానికే అంది. నాకు ఓదార్పు కలగలేదు. ఆ లెక్క నాకొద్దనుకున్నాను. వీడు బతకాలి. పెరుగన్నం చాలదు, మాంసం కావాలి. సరే, మాంసమే పెడతాను.

అమ్మకి ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు తినకు, అంతే" అంది.

ఎముకలున్న ముక్కలు కొనడానికి చెయ్యి రాలేదు. ఎముక ఉంటే అది ఒక కోడి. బోన్‌లెస్ అయితే ట్రేలో గులాబీరంగు దిమ్మ, దానికి కాళ్ళూ రెక్కలూ ఉండేవన్న ఆనవాలు ఉండదు. యాప్‌లో నొక్కితే ఇంటికొస్తుంది. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయని ఎక్కడో చదివాను కూడా. అది నిజమే. కానీ నేను బోన్‌లెస్ ఎంచుకున్నది అందుకు కాదు. నా సున్నితత్వం కోసం.

జరిగిందేమిటో డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. పెరిగే కుక్కపిల్లకి, కిలో బరువుకి లెక్కేస్తే, పెద్ద కుక్కకి కావలసిన శక్తికి సుమారు రెట్టింపు కావాలి. తిండి నుంచి తేమ తీసేసి చూస్తే అందులో మాంసకృత్తులు కనీసం 22 శాతం పైన ఉండాలి. ఆ సంగతి ఎలాగో నేను కనిపెట్టాను. నాకు తెలియనిది కాల్షియం. అదే ఎండు లెక్కలో వందకి ఒక గ్రాము పైనే కావాలి, ఫాస్ఫరస్ కంటే అది కొంచెం ఎక్కువగా ఉండాలి. వంద గ్రాముల కోడి కండలో ఫాస్ఫరస్ రెండు వందల మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, కాల్షియం పదో పదిహేనో. బియ్యంలో కూడా కాల్షియం పది మిల్లీగ్రాముల దగ్గరే. రెండూ కలిపి ఎంత పెట్టినా సున్నాకి సున్నా కలిపినట్టే.

కానీ ఒంట్లో రక్తానికి కాల్షియం ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. అది తగ్గితే గుండె, నరాలు, కండరాలు ఆగిపోతాయి. అందుకని మెడలో ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల ఖజానా తలుపు తీస్తాయి. తిండిలో రానిదాన్ని ఎముకలోంచి తోడి రక్తంలో పోస్తాయి. పైకి పిల్ల బొద్దుగా, బొచ్చు మెరుస్తూ, ఆడుతూనే ఉంటుంది. అందరూ "ఎంత ముద్దుగా పెంచావే" అంటారు. ఒకరోజు సోఫా మీంచి దూకి కుయ్యిమని అరుస్తుంది.

అప్పట్నుంచి పెంచడం అన్న మాట గురించి ఆలోచిస్తున్నాను. తెలుగులో పిల్లల్ని పెంచుతాం, కుక్కని పెంచుతాం, జీతం పెంచుతాం, గొంతు పెంచుతాం. చెట్టు పెంచినా సౌండు పెంచినా ఒకే క్రియ. పెట్టడం వేరు. పెట్టడం మన చేతిలో పని, గిన్నెలో పడేదాకా మనది. పెరగడం అవతలివాళ్ళ ఒంట్లో జరుగుతుంది, దాని నియమాలు మనం రాసినవి కావు. మన సంస్కృతి పెట్టడాన్ని చాలా గొప్పగా చూసింది. అన్నదానాన్ని మించిన దానం లేదంటాం. కానీ పెట్టేటప్పుడు తినేవాడికి ఏం కావాలి అని ఎంతమంది అడిగారు? మనుస్మృతిలో గృహస్థు చేయాల్సిన వైశ్వదేవం దగ్గర ఒక జాబితా ఉంటుంది. కుక్కలకీ, పతితులకీ, కుక్కమాంసం తినేవాళ్ళని పేరుపడ్డవాళ్ళకీ, పాపరోగులకీ, కాకులకీ, పురుగులకీ మెల్లగా నేలమీద అన్నం పెట్టమని. మనుషుల్ని కుక్కల పక్కన, పురుగుల పక్కన నిలబెట్టిన ఆ వరుస చదివితే ఒళ్ళు మండుతుంది. మండాలి. అయితే అందులో ఇంకో సంగతి కూడా కనబడింది నాకు. ఆ దానం పెట్టేవాడి దినచర్యలో ఒక భాగం. తీసుకునేవాళ్ళు కేవలం ఒక వరుస. ఎవరికి ఏం కావాలన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే ఆ అన్నం వాళ్ళ కోసం పెట్టింది కాదు. కుక్కకి పెట్టినట్టు పెట్టాడు అని మనం తిట్టేది దీన్నే.

నేను నేలమీద పెట్టలేదు, స్టీలు గిన్నెలో పెట్టాను. తేడా అంతేనా అని భయం వేసింది.

మహాభారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క గురించి అందరం చెప్పుకుంటాం. మొదట్లో ఉన్న కుక్కపిల్లని మర్చిపోతాం. జనమేజయుడి యాగం దగ్గర అతని తమ్ముళ్ళు ఒక కుక్కపిల్లని కొడతారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోతుంది. నువ్వేదో తప్పు చేసే ఉంటావు అంటుంది తల్లి. సంస్కృత భారతంలో ఆ పిల్ల చెప్పే జవాబు నాకు చాలా ఇష్టం: నేను హవిస్సు వంక చూడనూ లేదు, నాకనూ లేదు. అంత పెద్ద కథ తిండి ముట్టని ఒక కుక్కపిల్లకి పడిన దెబ్బల దగ్గర మొదలవుతుంది. సరమ వెళ్ళి రాజుని నిలదీస్తుంది. వాళ్ళ దగ్గర సమాధానం ఉండదు.

నన్ను నిలదీయడానికి నల్లది లేదు. అందుకని నేనే రెండు పక్షాలూ వాదించుకున్నాను.

నా తరఫు వాదన తేలికే. నాకు తెలీదు. మంచి జరగాలనే చేశాను. సోమరితనం లేదు, పిసినారితనం లేదు. ఇంకేం కావాలి? దీనికి జవాబు 1877లో డబ్ల్యూ.కె. క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ గణితవేత్త రాసిన 'ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్' అనే వ్యాసంలో దొరికింది. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతబడింది, మరమ్మతు చేయిస్తే డబ్బు ఖర్చు. ఇన్నిసార్లు వెళ్ళొచ్చింది, ఈసారీ వస్తుందిలే, దేవుడున్నాడు అని తనని తాను ఒప్పించుకుంటాడు. చివరికి నిజంగానే, మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఓడ మునుగుతుంది. నమ్మకం నిజాయితీగా ఉన్నంతమాత్రాన అతను నిర్దోషి కాడంటాడు క్లిఫర్డ్. ఆ నమ్మకానికి వచ్చిన దారి సరైంది కాదు, అతను వెతకలేదు. ఓడ మునక్కుండా ఒడ్డుకి చేరినా దోషం దోషమే అంటాడు.

ఇది మరీ కఠినం అనిపించింది మొదట. ప్రతివాడూ ప్రతిదీ వెతికి తెలుసుకుంటూ కూర్చుంటే సెల్లార్లో ఆకలితో ఏడుస్తున్న పిల్లకి ఎవడు పెడతాడు? ఆ సాయంత్రం పాలు తెచ్చిన మూడో అంతస్తు ఆంటీని నేను తప్పుపట్టను. అది అత్యవసరం. కానీ నా కేసు వేరు. నాకు రెండు నెలల టైముంది. ఆ రెండు నెలల్లో ఆఫీసు ట్రిప్పు కోసం హోటల్ రివ్యూలు నలభై చదివాను. లడ్డుగాడి కోసం ఒక్క పేజీ పూర్తిగా చదవలేదు, ఎందుకంటే నా త్యాగం నాకు సరిపోయింది. మాంసం ముట్టుకోవడమే అంత పెద్ద పనిగా తోచింది కాబట్టి, అంత కష్టపడి చేసింది సరైనదే అయి ఉంటుందనుకున్నాను. కష్టానికీ సరైనతనానికీ సంబంధం లేదని ఎక్స్‌రే తీస్తేగానీ తెలీలేదు.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కుక్కల గురించి ఏడాది పొడుగునా యుద్ధమే. 2023లో అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక పసివాణ్ణి చంపేశాక భయపడేవాళ్ళ గొంతు పెరిగింది, ఆ భయం అబద్ధం కాదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమనడం, పదకొండు రోజులకే మార్చి, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివక్కడే వదలమనడం, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దనడం, ఇవన్నీ గ్రూపులో తెల్లారేదాకా నలిగాయి. ఆ వందల మెసేజీల్లో పెట్టాలా వద్దా అన్నదొక్కటే చర్చ. ఏం పెట్టాలి అన్న మాట ఒక్కటి కూడా లేదు. పెట్టేవాళ్ళ పుణ్యం, పెట్టొద్దనేవాళ్ళ భద్రత. మధ్యలో ఎముకలు ఎవరి లెక్కలోనూ లేవు.

క్లినిక్ నుంచి బయటికొస్తూ పక్క షాపులో కాల్షియం సిరప్ సీసా ఒకటి తీసుకున్నాను. పెద్దది. బాగా పోస్తే త్వరగా బాగవుతాడని. డాక్టరుగారు అద్దంలోంచి చూసినట్టున్నారు, బయటికొచ్చి మరీ వద్దన్నారు. కుక్కపిల్లల ప్యాకెట్ ఫుడ్ రాసిచ్చాననీ, అందులో కాల్షియం కొలత ప్రకారం ఉంటుందనీ, పైన ఏమీ కలపొద్దనీ. ఇది కూడా తర్వాత చదివాను. 1980లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో గ్రేట్ డేన్ పిల్లలకి కాల్షియం ఎక్కువ పెట్టి చూశారు. ఆ వయసులో పేగుకి చాలు అనడం రాదు, తిండిలో ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ లోపలికి పీల్చుకుంటుంది. ఎముకలు వంకరపోయాయి. ఆపేక్షతో తక్కువ పెట్టి వంచాను, భయంతో ఎక్కువ పోసి ఇంకోవైపు వంచబోయాను.

ఇంకోటి ఉంది. ఒక పెద్ద పెట్ ఫుడ్ కంపెనీ 48 లాబ్రడార్ పిల్లల్ని, ఒకే ఈతలో పుట్టినవాళ్ళని జతలు కట్టి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, బతికినన్నాళ్ళూ చూసింది. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ జబ్బు ఆలస్యంగా వచ్చింది. ఇంకొంచెం పెట్టమని తోక ఊపే ఒక లాబ్రడార్ పిల్ల మొహం చూస్తూ పద్నాలుగేళ్ళు గిన్నె కొలిచి పెట్టినవాళ్ళని తల్చుకుంటే, దయ అంటే నాకు తెలిసిన అర్థం సరిపోదనిపిస్తుంది.

సరే, ఇదంతా చదివి నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నకొద్దీ ఇంకో ప్రశ్న వెంటపడింది. ఇదంతా ఎవరికి ఎలా తెలిసింది?

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త రికెట్స్ మీద పనిచేశాడు. పొగ కమ్మిన ఊళ్ళలో కార్మికుల పిల్లల కాళ్ళు వంకరపోతున్నాయి. కారణం గాలా, వెలుతురా, తిండా? అతను కుక్కపిల్లల్ని తీసుకున్నాడు. ఇంట్లోనే ఉంచి, ఓట్‌మీల్, రొట్టె లాంటి పేదల తిండి పెట్టాడు. కాళ్ళు వంగాయి. కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చినవాటికి వంగలేదు. 1919లో ప్రకటించాడు. అందులో ఉన్నది విటమిన్ ఎ కాదు, వేరే ఒకటుందని 1922లో అమెరికాలో మెకాలమ్ బృందం తేల్చింది. దాన్నే ఇప్పుడు డి అంటున్నాం. ఇందులో ఒక విచిత్రం ఉంది. మనలాగా ఎండలో చర్మం మీద విటమిన్ డి చాలినంత తయారు చేసుకోవడం కుక్కకి చేతకాదు. అది తిండిలోనే రావాలి. ఈ సంగతి 1990లలోగానీ రుజువు కాలేదు. ఇంట్లో బంధించినందువల్ల ఆ పిల్లలకి పెద్దగా ఒరిగిందీ పోయిందీ లేదు. కుక్కని ఎంచుకోవడం వల్లనే తిండి సంగతి అంత స్పష్టంగా బయటపడింది, కుక్కని ఎంచుకోవడం వల్లనే ఎండ సంగతి దాగిపోయింది. ఎండ కూడా రికెట్స్‌ని మాన్పుతుందని చెప్పింది వేరేవాళ్ళు, మనుషుల పిల్లల్ని చూసి.

ఇది దూరపు కథ అనుకుంటుంటే, దగ్గరి కథ ఒకటి దొరికింది. మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాల దూరం.

తార్నాకలో ఉస్మానియా ఆవరణని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది, 1969లో ఈ పేరు పెట్టారు. అప్పట్లో జొన్నే ప్రధానంగా తినే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు, మతి తప్పడం. నియాసిన్ లోపం. మొక్కజొన్న తినే దేశాల్లో ఇది మామూలే, జొన్న తినేవాళ్ళకి ఎందుకొస్తోంది? సి. గోపాలన్, ఆయన సహచరులు జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమ్లాన్ని అనుమానించారు. కుక్కల్లో పెల్లాగ్రాకి సమానమైన జబ్బు ఉంది, దాన్ని నల్లనాలుక అంటారు. దానికి మందు నికోటినిక్ ఆమ్లమని 1937లో అమెరికాలో ఎల్వేయం కనిపెట్టింది కుక్కల మీదే. ఇక్కడ బెలవాడి, గోపాలన్ కుక్కలకి జొన్న తిండి పెట్టి నల్లనాలుక తెప్పించారు. 1965లో లాన్సెట్‌లో వచ్చింది. తర్వాత రెండేళ్ళకి కుక్కపిల్లల తిండిలో లూసిన్ కలిపి అదే చూపించారు. లూసిన్ సిద్ధాంతం మీద ఆ తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, అది వేరే సంగతి.

నారాయణపేట ఊళ్ళో కుక్కపిల్లకి వేసిన జొన్నరొట్టె తునకలు. తార్నాక ల్యాబులో కుక్కపిల్లకి తూచి పెట్టిన జొన్నతిండి. ఒకటి తెలియక, ఒకటి తెలుసుకోవడానికి. రెండోదాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అవతలివైపు నిజంగానే జబ్బుపడ్డ మనుషులున్నారు, వాళ్ళు పేదలు, వాళ్ళకోసం ఆలోచించినవాళ్ళే తక్కువ. కానీ నోరు రాకపోవడం వేరు, ఒప్పు అనడం వేరు. ఆ కుక్కపిల్లలకి ఆ తిండి ఎందుకు పెడుతున్నారో తెలీదు. గిన్నె వస్తే తోక ఊపే ఉంటాయి. లడ్డు కూడా ఊపాడు. గిన్నె ముందు కూర్చున్న ఏ కుక్కపిల్లకీ ల్యాబుకీ ఇంటికీ తేడా తెలిసే వీల్లేదు. ఆ తేడా పెట్టేవాళ్ళ బుర్రలో ఉంటుంది. వాళ్ళు లెక్క రాసుకున్నారు. ఒక పిల్ల నాలుక నల్లబడితే ఎందుకో తెలుసుకునే తీరాలన్న పట్టుదల వాళ్ళకుంది. నేను రాసుకోలేదు. నాది ప్రయోగం కాదు కాబట్టి నాకు బాధ్యత తక్కువని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూస్తే నాది కూడా ప్రయోగమే, ఫలితం చూసేవాళ్ళు లేని ప్రయోగం.

అప్పుడెప్పుడో ఆ పిల్లల ఎముకలతో, నాలుకలతో కొన్న జ్ఞానం ఇప్పుడు నా ఫోన్లో ఉచితంగా ఉంది. దాన్ని చదవకుండా ఇంకో పిల్ల ఎముకలతో మళ్ళీ అదే పాఠం కొన్నాను.

కోడి గురించి కూడా చెప్పాలి, లేకపోతే అమ్మ దగ్గర దాచినట్టవుతుంది. బ్రాయిలర్ కోడిపిల్ల పుట్టినప్పుడు నలభై గ్రాములు. నలభై రోజుల్లో రెండు కిలోలు. రొమ్ముకండ త్వరగా రావాలని తరాల తరబడి ఎంచి ఎంచి తయారుచేసిన జాతి. కండ పెరిగినంత త్వరగా కాళ్ళు పెరగవు, కుంటుతాయి, కూర్చుండిపోతాయి. నేను బోన్‌లెస్ అని కొన్న ఆ గులాబీరంగు దిమ్మ కూడా తన ఎముకలు మోయలేని వేగంతో పెరిగినదే. ఒక కుంటిదాన్ని పెట్టి ఇంకో కుంటిదాన్ని చేశాను. ఇప్పుడు లడ్డు తినే ప్యాకెట్లో కూడా కోళ్ళున్నాయి, ఎముకలతో సహా పొడి చేసినవి. పెద్ద కుక్కలకైతే శాకాహారం జాగ్రత్తగా కుదురుతుందంటారు. ఎముకలు కడుతున్న వయసులో ఆ సాహసం చేసే హక్కు నాకు లేదనిపించింది. ఇది న్యాయమని నేను అనడం లేదు. వీడు నా ఇంట్లో ఉన్నాడు, కోడి లేదు. అంతకు మించిన వాదన నా దగ్గర లేదు.

ఆరు వారాలు లడ్డుని చిన్న కంచె కట్టి ఆడనివ్వకుండా ఉంచమన్నారు. ఎముక పల్చగా ఉన్నప్పుడు గెంతితే విరుగుతుంది. పగలు నేను ఆఫీసులో ఉంటే వాచ్‌మన్ భార్య చూసుకునేది. ఆమెకి రెండేళ్ళ పాప. కంచె పట్టుకుని నిలబడి లడ్డుగాడితో ఏదో మాట్లాడుతుండేది. మధ్యాహ్నం లడ్డుకి ఉడికించిన గుడ్డు సగం పెట్టొచ్చని డాక్టరు అన్నారు. నేను ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళేదాన్ని. మూడో రోజు నుంచి రెండు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాను. ఏమీ చెప్పకుండా. సాయంత్రం వచ్చి చూస్తే ఒకటిన్నర గుడ్డు అలాగే ఉండేది. నాలుగు రోజులు అలాగే ఉంది. ఐదో రోజు అడిగాను, పాపకి పెట్టలేదేమని.

"మా పాపకు అంగన్‌వాడీల ఇస్తరక్కా" అంది, లడ్డు గిన్నె కడుగుతూ. "మీరు దానికే పెట్టుండ్రి."

గొంతులో కోపం లేదు. కానీ ఆ గుడ్డు ఎందుకు రెండయిందో ఆమెకి తెలుసు. కుక్క కోసం ఉడికించిన నీళ్ళల్లోనే ఇంకోటి పడేశాను. పాపకి ఏం కావాలో అడగలేదు, పాప తింటుందో లేదో అడగలేదు, అసలు పెడతాననే చెప్పలేదు. ఎక్స్‌రే అక్కర్లేకుండానే అర్థమయింది నాకు.

ఒక ఆదివారం ఆమె లడ్డుగాడి ప్యాకెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. కిలో ఆరేడు వందల ప్యాకెట్టు. "ఏముంటయక్కా గిండ్ల?" అని అడిగింది. చదివాను. కోడిమాంసం పొడి, బియ్యం, మొక్కజొన్న, చేపనూనె, కాల్షియం ఇంత, ఫాస్ఫరస్ ఇంత, విటమిన్ డి ఇన్ని యూనిట్లు. లోపలికెళ్ళి బాలామృతం ప్యాకెట్ పట్టుకొచ్చింది. "ఇది గూడ చదువుర్రి." గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె. రెండు ప్యాకెట్లూ నేలమీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. పాపకి ఆ పిండి రుచి నచ్చదట, రెండు చెంచాలు తిని ఉమ్మేస్తుందట. మిగిలింది పడెయ్యలేక నాలుగైదుసార్లు లడ్డు గిన్నెలో కలిపిందట. ఇప్పుడు చెప్తున్నానక్కా, ఏమనుకోకుర్రి అంది.

ఏమనుకోను? ఆ మాట నేనే ఆమెతో అనాల్సింది.

కాసేపటికి పాపని పిలిచి నా ముందు నిలబెట్టింది. గౌను కొంచెం పైకెత్తి, "అక్కా, గీ మోకాళ్ళు చూడుర్రి. లడ్డుగాని లెక్క వంగినట్టు లేవూ? నాకైతే గట్లనే అనిపిస్తది" అంది. చూశాను. రెండేళ్ళ పిల్లల కాళ్ళు మామూలుగానే కొంచెం వంకరగా ఉంటాయని ఎక్కడో చదివాను. ఇవి ఆ మామూలో కాదో నాకు తెలీదు. ఏం కాదులే, పెరిగితే అవే సర్దుకుంటాయి అనే మాట నోటిదాకా వచ్చింది.

"నాకు తెలీదు" అన్నాను. "నీలోఫర్‌లో చూపిద్దాం. నీకెప్పుడు వీలవుతుంది?"

మంగళవారం అయితే ట్యాంకర్లు రావట, ఆ రోజు వాళ్ళాయన గేటు దగ్గర ఒక్కడే ఉండగలడట. ఆఫీసులో సెలవు పెట్టాను.